మైపాడులో మూడు మునకలు, ఒక కళ్ళజోడు

మైపాడు బీచికి నేను ఎన్నిసార్లు పోయుంటానో లెక్కలేదు. ఇంటర్లో క్లాసులు ఎగ్గొట్టి ముగ్గురం ఒకే బండి మీద పోయేవాళ్ళం. పెళ్ళయ్యాక పిల్లల్ని ఇసకలో ఆడించడానికి పోయాం. ఇంటికి చుట్టాలొస్తే చాలు, సాయంత్రం మైపాడే. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, మైపాడు గేటు దాటితే బండి దానంతటదే పోతుంది. అందుకే మా పెద్దమ్మ "ఈసారన్నా కార్తీక పున్నమికి నన్ను సముద్ర స్నానానికి తీసుకుపోరా అబ్బయ్యా" అన్నప్పుడు, ఓస్ ఇంతేనా అనుకున్నాను.

ఆమెది పాత మొక్కు. పెదనాన్నకు గుండె ఆపరేషనైనప్పుడు మొక్కుకుంది. 2020లో కరోనా. 2021లో సరిగ్గా పున్నమి రోజుల్లోనే పెన్నకు వరదొచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట మీద నీళ్ళు పారి రైళ్ళే ఆగిపోయాయి, ఇంక సముద్రం మాట ఎవరెత్తుతారు? ఆ తర్వాత ఆమె మోకాళ్ళు మొరాయించాయి. మా వైపు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, ఈశాన్య రుతుపవనాలవి. కార్తీకం సరిగ్గా వాటి నడుమ పడుతుంది. వాయుగుండం లేని పున్నమి దొరకడమంటే మాకు లాటరీ తగిలినట్టే. మొన్నటి కార్తీకంలో తగిలింది.

ముందురోజు సాయంత్రం షాపు మూసి ఇంటికొచ్చేసరికి (మూలాపేటలో నాకొక జెరాక్సు షాపుంది) అమ్మా పెద్దమ్మా హాలంతా పరుచుకుని కూర్చోనున్నారు. మూడువందల అరవై అయిదు వత్తుల గుత్తి స్టీలు డబ్బాలో ఆవునేతిలో నానుతోంది. అరటి దొప్పలు, ఉసిరికాయలు, పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, తమలపాకులు. పెద్దమ్మ మెళ్ళో గొలుసు, చేతి గాజులు తీసి బీరువాలో పెట్టించింది. పసుపుతాడు ఒక్కటే ఉంచుకుంది. "సముద్రానికి బంగారం చూపించకూడదు, అడుగుతాది" అంది. కట్టుకోడానికి పాత నూలు చీరే తీసింది. నైలాన్ చీర తడిస్తే కాళ్ళకు చుట్టుకుని మనిషిని పడేస్తుందట. ఈ సంగతి నాకు కొత్త.

"నువ్వేం తెచ్చుకుంటుండావురా?" అంది నా వైపు చూసి.

"నేనా? టవలు."

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

నాలుక్కి బయల్దేరాం. కారు మా బావది, నడిపింది నేను. ఇందుకూరుపేట దాటాక చీకట్లో రెండు రకాల నేల కనపడుతుంది. ఒకవైపు నారుమళ్ళు, ఇంకోవైపు రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరియేటర్లు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. లైట్ల వెలుగులో అది చూసి పెద్దమ్మ, "ఇక్కడ ఒకప్పుడు మొలగొలుకుల వడ్లు పండేవి" అంది. గంగపట్నం దగ్గర చాముండేశ్వరమ్మ గుడికి పోయే జనంతో బండి నత్తనడక నడిచింది. బకింగ్‌హాం కాలవ దగ్గర అమ్మ కిటికీ దించమంది. మా ముత్తాత ఈ కాలవ మీదే పడవలో మద్రాసుకు పోయొచ్చేవాడట. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా సముద్రం పక్కపక్కనే పోయే కాలవ ఇది. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు, బియ్యం అన్నీ దీని మీదే పోయేవి. ఇప్పుడు గుర్రపు డెక్క తప్ప ఏమీ లేదు. అమ్మ మాత్రం దణ్ణం పెట్టింది. ఎందుకని అడిగితే "నీళ్ళు గదా" అంది.

బీచికి కిలోమీటరు ముందే కార్లు ఆపేశారు. అక్కణ్ణుంచి పెద్దమ్మను నడిపించుకుని పోయేసరికి తెల్లారబోతోంది. అలాంటి మైపాడును నేనెప్పుడూ చూడలేదు. మొక్కజొన్న పొత్తుల బళ్ళు లేవు, గుర్రాలు లేవు. ఒడ్డు పొడుగునా దీపాలే. సముద్రంలో కర్రలు పాతి తాడు కట్టారు. నారింజరంగు జాకెట్లేసుకున్న ఈతగాళ్ళు తాడుకు అవతల నిలబడున్నారు. మైకులో ఒకటే మాట: నడుం లోతు దాటొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

వెనక్కి తిరిగి చూస్తే పడమట సరుగుడు తోపు మీద నిండు చంద్రుడు ఇంకా దిగలేదు. ముందు తూర్పున నీళ్ళ మీద ఎరుపు. పున్నమి తెల్లారి ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారని చిన్నప్పుడు సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది గుర్తొచ్చింది. బొమ్మలో మధ్యన భూమి చిన్న సున్నా. ఆ సున్నా మీద నిలబడి రెండువైపులా చూడ్డం ఇదే మొదటిసారి.

నేను ప్యాంటు మడిచి దిగబోయాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆగరా. బాత్రూమనుకున్నావా?"

అప్పుడు మొదలైంది అసలు పని. పొడి ఇసకలో తూర్పుగా కూర్చోబెట్టి, గోత్రం, పేర్లు చెప్పించి సంకల్పం చేయించింది. నీళ్ళ అంచుకు పోయి పసుపు, కుంకుమ వేయించింది. తర్వాత పిడికెడు ఇసక తీసుకోమంది. అమ్మ పాత నోటుపుస్తకంలోంచి శ్లోకం చదివింది. పిప్పలాదుడి వల్ల పుట్టిన కృత్య అనే ఒక భయంకరమైన శక్తి సముద్రంలో ఉంటుందట. స్నానం చేసేవాడు ముందు ఇంత మట్టి ఆమెకు ఆహారంగా ఇచ్చి, నన్ను వదిలిపెట్టు తల్లీ అని అడగాలి. ఇసక నీళ్ళలోకి విసిరాను. అల వచ్చి దాన్ని తీసుకుపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ నీళ్ళలో దూకుతున్నాను గానీ ఒక్కసారన్నా అడిగి దిగింది లేదు.

ఇంకో మాట కూడా అప్పుడే తెలిసింది. రావిచెట్టును శనివారం తప్ప తాకకూడదట. సముద్రాన్ని పున్నమి, అమావాస్య లాంటి పర్వదినాల్లో తప్ప తాకకూడదట. మిగతా రోజుల్లో చూసి దణ్ణం పెట్టుకోవడమే.

"అయితే మేం ఇన్నాళ్ళూ చేసిందంతా పాపమేనా?" అన్నాను.

"మీది స్నానమెట్టయితాదిరా, ఎగరడం గదా" అంది.

ఇక దిగడం. పున్నమికి సముద్రం పోటు మీద ఉంటుంది, పైగా వానాకాలపు అల. మైపాడులో నాలుగడుగులు వేసేసరికే కాళ్ళ కింద ఇసక జారిపోతుంది. పెద్దమ్మ మోకాళ్ళతో అక్కడ నిలబడలేదు. ఎలాగా అని చూస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటుంటాయి. నల్లటి ఒళ్ళు, మోకాలి పైకి కట్టిన లుంగీ, చేతిలో విజిలు. జాలర్ల పాళెం మనిషి. ఆ రోజు కాపలాకు పిలిచారట.

"అమ్మను ఈడ కూసోబెట్టు" అన్నాడు, అల వచ్చి ఆగే తడి ఇసక మీద. "సముద్రం తనే వస్తాది."

నిజంగానే వచ్చింది. మొదటి అల పెద్దమ్మ నడుం దాకా వచ్చి పోయింది. రెండోది భుజాల దాకా. "ఇప్పుడు నాలుగు పెద్దయి వస్తాయి, పట్టుకో" అన్నాడాయన. వచ్చాయి. తర్వాత కాసేపు సముద్రం ఊపిరి తీసుకున్నట్టు సద్దుమణిగింది. అలలు గుంపుగా వస్తాయి, మధ్యలో సందిస్తాయి. ఆ సందులో పనంతా కానిచ్చుకోవాలి. ఆయన చెప్పిన సందులో అమ్మ మూడు చెంబుల సముద్రపు నీళ్ళు పెద్దమ్మ తల మీద పోసింది. మూడు మునకలకు అవే లెక్క. పెద్దమ్మ ఏదో గొణుక్కుంటూ చేతులు జోడించింది. కళ్ళలోంచి కారేది ఏ ఉప్పునీళ్ళో చెప్పలేను.

నేను కూడా ఆయన చెప్పినట్టే దిగాను. అలకు ఎదురు రొమ్ము పెట్టకూడదు, పక్కకు తిరిగి ఒక కాలు ముందుకేసి నిలబడాలి. విరిగే అలను దాటాలనుకుంటే కిందకి మునగాలి, పైకెగిరితే తీసుకుపోయి కొడుతుంది. నీళ్ళు లోపలికి లాగుతుంటే ఒడ్డుకేసి ఎదురీదొద్దు, పక్కకు పో, లాగుడు తగ్గాక ఒడ్డుకు రా అన్నాడు. ఒకటి, రెండు, మూడు మునిగాను. సూర్యుడు పూర్తిగా పైకొచ్చాడు. మూడు దోసిళ్ళ అర్ఘ్యం ఇచ్చాను. ఇంతవరకూ అంతా పద్ధతిగానే జరిగింది.

ఆ తర్వాతే బుద్ధి గడ్డి తిన్నది. అమ్మా పెద్దమ్మా తడి బట్టలతో దొప్పలో దీపం వెలిగిస్తున్నారు, ఫోటో తీద్దామని ఫోను ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. పెద్దాయన విజిలు వినపడింది. ఎవరికో ఊదుతున్నాడనుకున్నాను. నాకే.

అల వెనకనుంచి మోకాళ్ళ మీద కొట్టింది. బోర్లా పడ్డాను. నోట్లో, ముక్కులో, చెవుల్లో ఇసక. లేచేసరికి ఫోను చేతిలో ఉంది, మొహాన కళ్ళజోడు లేదు. మైనస్ ఐదు నాది. సముద్రం, ఆకాశం, మా పెద్దమ్మ అన్నీ అలికేసినట్టు ఒకటే ముద్ద. కాసేపు నలుగురు పిల్లలు కాళ్ళతో ఇసకలో తడివారు. పెద్దాయన నవ్వలేదు గానీ, "సముద్రానికి వీపు చూపించకూడదు నాయనా" అన్నాడు. "ఒక్క పూట కూడా."

పెద్దమ్మ మాత్రం, "కృత్యకు ఇసక చాల్లేదేమో" అంది.

దీపం సంగతి చెప్పాలి. నదిలో అయితే దొప్ప నెమ్మదిగా సాగిపోతుంది. సముద్రం ఊరుకుంటుందా? అమ్మ వదిలిన దొప్పను అల తిరిగి ఆమె కాళ్ళ దగ్గరే పెట్టింది. ఉసిరికాయ పక్కకు ఒరిగింది, వత్తి ఆరింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ తెచ్చిపెట్టింది. మూడోసారి ఈతగాళ్ళలో ఒక కుర్రాడు దొప్పను చేత్తో పైకెత్తి పట్టుకుని తాడు దాటి లోపలికి నడిచి, అల విరగని చోట వదిలాడు. నాకది ఒక పసుప్పచ్చ చుక్కలా కాసేపు కనపడింది. పెద్దమ్మ వత్తుల గుత్తిని మాత్రం సాయంత్రం శివాలయంలో వెలిగిస్తానని డబ్బాలోనే ఉంచింది.

ఆడవాళ్ళు గుడ్డలు మార్చుకోను అక్కడ చోటు లేదు. ఇంత జనం వస్తారని ప్రతి ఏడూ తెలిసిందే, అయినా నాలుగు తడికలు కట్టించాలని ఎవరికీ తట్టదు. ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని మార్చుకుంటున్నారు. పెద్దాయన మమ్మల్ని వాళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. ఆయన కోడలు గుడిసె వెనక తడిక చాటు చూపించి బిందెడు మంచినీళ్ళు పెట్టింది. సముద్రానికి ఇంత దగ్గర్లో ఇంత తియ్యటి నీళ్ళేంటని అడిగితే దొరువు చూపించింది. ఇసకలో మనిషి లోతు గుంట, అంతే. వాన నీళ్ళు ఇసకలో ఇంకి ఉప్పు నీళ్ళ మీద తేలి నిలబడతాయి, ఉప్పు నీళ్ళకన్నా మంచినీళ్ళు తేలిక గదా. పైపైన చెంబుతో తోడుకున్నంత సేపు తియ్యగానే ఉంటాయి. లోతుకు తవ్వి మోటారు పెట్టి గుంజితే కిందనుంచి ఉప్పు ఎక్కుతుంది. "రొయ్యల గుంటలొచ్చినాక ఆ పక్క దొరువులన్నీ చవ్వ అయిపోయినాయి. ఇది ఒకటే మిగిలుండాది" అంది.

నేను కారు నడపలేను. ఆమె తమ్ముడికి లైసెన్సుంది, దీపం వదిలిన కుర్రాడు వాడే, కానీ పదకొండు దాకా డ్యూటీ. అప్పటిదాకా ఆ పంచలోనే కూర్చున్నాం. ముగ్గురికీ ఉపవాసం. లోపల పొయ్యి మీద చేపల పులుసు. నా కళ్ళు పనిచెయ్యకపోయినా ముక్కు పనిచేస్తోంది. మెంతులు వేగిన వాసన, చింతపండు పులుసు తెర్లే వాసన వస్తుంటే కార్తీకం ఎంత పొడుగు నెలో తెలిసింది. ఆమె మాకు పాలు కాచి, రెండేసి అరటిపండ్లు ఇచ్చింది.

పెద్దమ్మ ఊరుకోదు గదా. సముద్రాన్ని పర్వాల్లోనే తాకాలన్న మాట ఆమెకూ చెప్పింది. ఆమె గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చి నవ్వింది.

"అట్టయితే మేం యాడికి పోవాల పెద్దమ్మా? మా ఆయన రోజూ మూడు గంటలకు ఆమె మీదనే పోతాడు. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా, ఆ రెండు నెలలు గవర్మెంటోళ్ళు వేట ఆపినప్పుడే మేం తాకంది."

"మీకేంలే, గంగమ్మ బిడ్డలు" అంది పెద్దమ్మ.

"మరి మీరెవురి బిడ్డలు?"

దీనికి పెద్దమ్మ దగ్గర జవాబు లేకపోయింది. నేను చూసిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి. కాసేపాగి, "మేం చుట్టాలం. పండగలకే వస్తాం" అంది. పంచలో అందరూ నవ్వారు. పెద్దాయన వల సర్దుకుంటూ, వేటకు పోయేముందు వాళ్ళు కూడా నీళ్ళు తాకి నెత్తిన చల్లుకునే పడవెక్కుతారని చెప్పాడు. చెప్పులతో ఎక్కరట. నేను పొద్దున చెప్పులతోనే దిగబోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

పన్నెండు కావస్తుండగా కుర్రాడు వచ్చాడు. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడట. ఇందుకూరుపేట దగ్గరికొచ్చాక, పక్కనే కదా చూసిపోదామా అని పల్లిపాడు వైపు తిప్పాడు. పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించింది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య మొదలుపెడితే, పొణకా కనకమ్మ స్థలం ఇచ్చింది. ఇల్లు కట్టడానికి దక్షిణాఫ్రికాలో గాంధీగారి స్నేహితుడు పార్సీ రుస్తుంజీ డబ్బిచ్చాడు. నాకు బోర్డు మీద అక్షరాలు ఆనలేదు, అమ్మే చదివి చెప్పింది. చెట్ల నీడ, చల్లటి గచ్చు, ఎవరూ లేరు. పెద్దమ్మ గచ్చు మీద కాళ్ళు చాపుకుని, పెన్న వైపు నుంచి గాలొస్తుంటే కునికింది.

పొట్టి శ్రీరాములు ఇక్కడ ఉన్నారని అమ్మ చదివినప్పుడు కుర్రాడు, "రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం మానుకున్నాయన గదా" అన్నాడు. నాకు మా వీధి గుర్తొచ్చింది. అంతకు ముందే, 1946లో, మా మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనుల్ని రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష చేశారు. నా షాపు నుంచి నడిచిపోయేంత దూరం. రోజూ ఆ దోవన పోతాను, ఎవరన్నా అడిగితే "గుడి పక్క సందు" అని దారి చెబుతాను, అంతే. ఆ మాట చెబితే కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంతకు ముందైతే మా తాత కూడా ఆ గుడి బయటే ఆగేవాడేమోనా" అన్నాడు. నాకు కుర్రాడి మొహం కనపడలేదు, పొద్దున పెద్దాయన ఊదిన విజిలు గుర్తొచ్చింది.

మూడింటికి ఇల్లు చేరాం. కుర్రాడు డబ్బు తీసుకోనంటే అమ్మ బలవంతాన చొక్కా జేబులో పెట్టి మైపాడు గేటు దగ్గర దించమంది. సాయంత్రం మూలస్థానేశ్వరుడి గుళ్ళో పెద్దమ్మ వత్తుల గుత్తి వెలిగించింది. నేతిలో రెండురోజులు నానిన వత్తులు ఒక్కసారి అంటుకుంటే నా కళ్ళకు మంటలా కాదు, కాషాయం గుడ్డ ఎవరో విదిలించినట్టు కనపడింది. చంద్రుణ్ణి చూసి ఉపవాసం విడవాలి. "అదుగో" అంటే అటు తిరిగి దణ్ణం పెట్టాను. తర్వాత తెలిసింది అది వీధి లైటు అని.

కళ్ళజోడుకు రెండువేల ఎనిమిదొందలయ్యాయి. పాత ఫ్రేము ఇక దొరకలేదు.

పోలి పాడ్యమి వెళ్ళిన మర్నాడే కుర్రాడు ఫోను చేశాడు. వాళ్ళక్క రమ్మంటోందట, ఆ ఆదివారం వంజరం పులుసు పెడతానని. మామిడికాయ ఇప్పుడు దొరకదు గాబట్టి ఉత్త చింతపండుతోనే, ఏమీ అనుకోవద్దని. నేను వస్తామన్నాను. పక్కనే వింటున్న పెద్దమ్మ, తానూ వస్తానంది.

"మోకాళ్ళు నొప్పన్నావు గదా పెద్దమ్మా?"

"పులుసుకు మోకాళ్ళెందుకురా? నేను సముద్రంలోకి దిగనులే, ఆ రోజు పర్వం కాదు. పంచలో కూసోని తింటా." కాసేపాగి అంది, "ఒక చెంబు పట్టుకురా. ఆ దొరువు నీళ్ళు తెచ్చుకుందాం."